తలసరి వేరు, తలా ఇంత వేరు

(మన సమాఖ్య వార్షికోత్సవ సభలో, రంభ నుంచి వచ్చిన ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఎనిమిదో తరగతి. పెద్ద పెద్ద విషయాలు చెప్పే శక్తి నాకు లేదు. కాని సొసైటీ పద్దులు రాస్తూ చాలా ఏళ్ళు గడిపాను. ఆ పద్దుల్లో రోజూ వాడే ఒక లెక్కల మాట ఉంది. మీరూ వాడతారు. పేపర్లో చదువుతారు, ఆఫీసులో వింటారు, టీవీలో వింటారు. ఆ మాట వల్ల మనకి మేలూ జరుగుతుంది, కీడూ జరుగుతుంది. అందుకని ఈ రోజు దాని గురించే నాలుగు ముక్కలు చెప్తాను.

ఆ మాట సరాసరి. సగటు అన్నా అదే. ఇక్కడ మన ఒడియా సోదరులు హారాహారి అంటారు. ఢిల్లీ నుంచి వచ్చే హిందీ కాగితంలో ఔసత్ అని ఉంటుంది. పిల్లలు యావరేజ్ అంటారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా లెక్క ఒకటే. అన్నీ కలపాలి, ఎన్ని ఉన్నాయో అన్నితో భాగించాలి. నలుగురు నేతగాళ్ళు వారంలో నాలుగు, ఐదు, మూడు, ఎనిమిది గజాలు నేశారనుకోండి. మొత్తం ఇరవై గజాలు. నాలుగుతో భాగిస్తే ఐదు. మనిషికి సరాసరి ఐదు గజాలు. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఆ తరవాత వస్తుంది. ఆ నలుగురిలో సరిగ్గా ఐదు గజాలు నేసినవాడు ఒక్కడే. మిగిలిన ముగ్గురికీ ఆ ఐదు తమది కాదు. అయినా కాగితం మీద నలుగురూ ఐదు గజాల వాళ్ళే అయిపోయారు.

మన తెలుగులో సరాసరికి ఇంకో అర్థం ఉంది చూడండి. "ఎక్కడా ఆగకుండా సరాసరి ఇంటికి పోయాడు" అంటాం. అంటే దారిలో ఎవరి గడపా తొక్కలేదు, ఎవరినీ పలకరించలేదు. లెక్కల్లో సరాసరి కూడా అలాంటిదే. పది ఇళ్ళ మీదుగా పోతుంది గాని ఏ ఇంటి దగ్గరా ఆగి, మీకు ఈ నెల ఎలా గడిచింది అని అడగదు.

సగటు మనిషి అని పేపర్లో రాస్తారు. సగటు నేత కార్మికుడు అని ఉపన్యాసాల్లో అంటారు. ఆ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మన వీధుల్లో నిజంగా ఉండేవాళ్ళు వేరు. ఒకరికి మూడు మగ్గాలు ఉంటాయి, ఒకరికి అద్దె మగ్గం ఉంటుంది. ఒకరికి కంటి చూపు తగ్గి సన్న నూలు నెయ్యలేని పరిస్థితి. ఒకరి కొడుకు సూరత్ వెళ్ళి పవర్‌లూమ్‌లో చేరాడు. వీళ్ళందరినీ కలిపి భాగిస్తే వచ్చేవాడు సగటు మనిషి. వాడికి ఆకలి వెయ్యదు, అప్పూ ఉండదు.

మన పనిలోంచే ఒక ఉదాహరణ చెప్తాను. పడుగు 80 నంబరు నూలు, పేక 40 నంబరు నూలు అనుకోండి. నూలు నంబరు అంటే మీకు తెలిసిందే. 840 గజాల చిలపలు ఒక పౌనుకి ఎన్ని తూగితే అంత నంబరు. 40 నంబరైతే పౌనుకి 40 చిలపలు, 80 నంబరైతే 80 చిలపలు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. ఇప్పుడు పడుగుకి 240 చిలపలు, పేకకి 240 చిలపలు కావాలి. కొత్తగా వచ్చిన కుర్ర గుమాస్తా ఏం చేస్తాడు? 80కీ 40కీ సరాసరి 60 అంటాడు. మొత్తం 480 చిలపలు, 60తో భాగిస్తే ఎనిమిది పౌన్లు అని రాస్తాడు. సరిగ్గా లెక్క వెయ్యండి. 80 నంబరు 240 చిలపలు మూడు పౌన్లు. 40 నంబరు 240 చిలపలు ఆరు పౌన్లు. మొత్తం తొమ్మిది. ఒక పౌను తక్కువ పడింది. గుమాస్తాకి కూడిక, భాగహారం రెండూ వచ్చు. అతను చేసిన అంకగణితంలో తప్పు లేదు. రెండు నూళ్ళూ సమానమైన తూకంలో తీసుకుంటే సరాసరి 60 నంబరే. ఇక్కడ సమానంగా ఉన్నది పొడవు, తూకం కాదు. దేన్ని సమానం చేసి సరాసరి కట్టాడో అతను చూసుకోలేదు. నూలు దగ్గర పౌను తగ్గితే మర్నాటికి తెలిసిపోతుంది, మగ్గం ఆగిపోతుంది. మనుషుల లెక్క దగ్గర ఇదే పొరపాటు జరిగితే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు.

బట్ట సంగతి చూడండి. అంగుళానికి 50 పేక పోగులు పడాలని ఆర్డరు. ఒకచోట 60 పడ్డాయి, ఒకచోట 40 పడ్డాయి. సరాసరి 50 వచ్చింది కదా అని బట్టని ఎవరైనా ఒప్పుకుంటారా? పల్చబడినచోట చిరుగుతుంది, పక్కన చిక్కగా కొట్టినా అది ఆగదు. బరంపురం పట్టు చీరకి ఫోడా కుంభ అంచు ఎంత పేరో మీకు నేను చెప్పక్కర్లేదు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక కుంభం పొడుగు, పక్క కుంభం పొట్టి వచ్చి, సరాసరి ఎత్తు సరిపోయింది అంటే కొనేవాళ్ళు నవ్వుతారు. బట్టలో మనం సరాసరిని ఒప్పుకోం, ప్రతి అంగుళం చూస్తాం. మరి మన కుటుంబాల ఆదాయం దగ్గర మాత్రం సరాసరి చెప్తే తల ఊపి ఎందుకు ఊరుకుంటున్నాం?

మా రంభ చిలికా ఒడ్డున ఉంది. వానాకాలంలో చిలికా సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది, ఎండాకాలంలో సుమారు 906కి తగ్గుతుంది. రెండూ కలిపి సగం చేసి సరాసరి ఇంత అని చెప్పొచ్చు. కాని మా పక్క పడవ నడిపేవాడు ఆ అంకె అడగడు. ఈ నెలలో, ఈ చోట, గెడకి నీళ్ళు ఎంత అందుతాయో అడుగుతాడు. సరాసరి లోతుని నమ్ముకొని పడవ తోస్తే ఒకచోట బురదలో దిగబడుతుంది, ఇంకోచోట గెడ అందదు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. పది ఇళ్ళు అనుకోండి. ఇది నేను ఉదాహరణకి కట్టిన లెక్క, ఏ ఊరిదీ కాదు. నెల మజూరీ ఒక ఇంటికి 3,000, తరవాత 3,500, రెండిళ్ళకి 4,000 చొప్పున, రెండిళ్ళకి 4,500 చొప్పున, ఆ తరవాత 5,000, 5,500, 6,000. పదో ఇల్లు మగ్గాలు ఎక్కువున్న ఇల్లు, 35,000. మొత్తం 75,000. సరాసరి ఇంటికి 7,500. పది ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళకి 7,500 లేదు. పదో ఇంటికి అంతకంటే చాలా ఎక్కువ ఉంది. 7,500 వచ్చిన ఇల్లు వీధిలో ఒక్కటీ లేదు. పై ఏడాది పదో ఇంటాయన ఇంకో ఐదు వేలు ఎక్కువ సంపాదించాడనుకోండి, సరాసరి 8,000 అవుతుంది. "నేత కుటుంబాల ఆదాయం పెరిగింది" అని రాసేస్తారు. తొమ్మిది ఇళ్ళలో ఒక్క రూపాయి పెరగలేదు.

దీనికి మందు కూడా లెక్కల్లోనే ఉంది. ఇళ్ళన్నీ తక్కువ నుంచి ఎక్కువకి వరసగా నిలబెట్టండి, కుళాయి దగ్గర బిందెలు పెట్టినట్టు. నడిమధ్యన ఎవరున్నారో చూడండి. పది ఇళ్ళలో ఐదో ఇల్లు, ఆరో ఇల్లు మధ్యన పడతాయి. రెండిళ్ళదీ 4,500. దీన్ని పిల్లల లెక్కల పుస్తకంలో మధ్యగతం అంటారు. పదో ఇంటికి 35,000 వచ్చినా, 3 లక్షలు వచ్చినా ఈ 4,500 కదలదు. సగం మంది దీనికి ఇటు, సగం మంది అటు. వీధి సంగతి 7,500 కంటే ఈ 4,500 నిజంగా చెప్తుంది.

దేశం లెక్క కూడా ఒకసారి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2019-20లో నాలుగో చేనేత గణన చేయించింది. దేశంలో 31 లక్షల పైన చేనేత కుటుంబాలు, 35 లక్షల పైన పనివాళ్ళు ఉన్నట్టు తేలింది. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతుల కుటుంబాలకి నెలకి ఐదు వేలు కూడా రావడం లేదని రాశారు. గమనించండి, ఇది సరాసరి కాదు. ఎన్ని ఇళ్ళు గీతకి కింద ఉన్నాయో లెక్కపెట్టి చెప్పిన మాట. అందుకే అది గుండెకి తగులుతుంది. సరాసరి ఒక్క అంకె వేసి ఊరుకుంటే అంతగా తగిలేది కాదు.

ఇంకో సంగతి. సరాసరి చెప్పినప్పుడు పైన ఎంత ఉందో అందరూ చూస్తారు. కింద దేనితో భాగించారో ఎవరూ అడగరు. క్రికెట్ చూసే కుర్రాళ్ళకి ఇది బాగా తెలుసు. ఆస్ట్రేలియా బ్రాడ్‌మన్ టెస్టుల్లో 6,996 పరుగులు తీశాడు, సరాసరి 99.94. ఆయన ఆడింది 80 ఇన్నింగ్సులు. 80తో భాగిస్తే 87 పైచిలుకే వస్తుంది. కాని పదిసార్లు నాటౌట్‌గా మిగిలాడు. క్రికెట్ లెక్కలో అవుటైన సార్లతోనే భాగిస్తారు, అంటే 70తో. అందుకే 99.94. అందులో మోసమేమీ లేదు, పద్ధతి అందరికీ ముందే తెలుసు. మన సొసైటీ లెక్కల్లో కింది అంకె ఏదో ముందే తెలుస్తోందా?

సంఘం పుస్తకంలో 60 మంది సభ్యులున్నారు, నడుస్తున్న మగ్గాలు 25 అనుకుందాం. నెలలో చెల్లించిన మజూరీ 1,80,000. అరవైతో భాగిస్తే మనిషికి 3,000. పాతికతో భాగిస్తే 7,200. రెండూ నిజమైన లెక్కలే. సంఘం బాగా నడుస్తోందని చూపించాలంటే 7,200 చెప్తారు. కష్టంలో ఉందని చూపించాలంటే 3,000 చెప్తారు. ఆ రెండు అంకెల మధ్యన మగ్గం ఆగిపోయిన 35 మంది ఉన్నారు. వాళ్ళు ఎందుకు ఆపారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అన్నది ఏ అంకెలోనూ లేదు.

లెక్క అక్కడితో కూడా అయిపోలేదు. ఒక మగ్గం నడవాలంటే ఒక్క మనిషి చాలడు. చిలప విప్పి కండెలు చుట్టేది ఎవరు? ఆసు పోసేటప్పుడు, పడుగు సాపు చేసి గంజి పెట్టేటప్పుడు రెండో చివర పట్టుకునేది ఎవరు? పోగు పోగుకీ అతుకు వేసేది ఎవరు? ఇంట్లో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. పాస్‌బుక్ మీద పేరు ఒకరిది, మగ్గం వెనక చేతులు మూడు నాలుగు జతలు. మగ్గానికి ముగ్గురు అనుకున్నా 25 మగ్గాలకి 75 మంది. 1,80,000ని 75తో భాగిస్తే మనిషికి 2,400. ఇదీ అసలు పనిచేసిన మనిషికి వచ్చిన సరాసరి. ఇందాక చెప్పిన గణనలోనే, దేశంలో చేనేత పనివాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళే అని తేలింది. మన సరాసరి లెక్కల్లో పైన వాళ్ళ పని చేరుతోంది, కింద వాళ్ళ తల చేరడం లేదు. అమ్మా, ఈ మాట మీరు సభలో గట్టిగా అడగాలి.

కాలం సంగతి కూడా అంతే. ఏడాది మజూరీని పన్నెండుతో భాగించి నెలకి ఇంత అంటారు. వానాకాలంలో గుంట మగ్గంలో చెమ్మ దిగుతుంది, గంజి పెట్టిన పడుగు ఆరదు, నెలలో సగం రోజులు పని ఉండదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ నెల మన జిల్లాలో ఎన్ని మగ్గాలు ఆగాయో ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. ఆ ఏడాది సరాసరిలో ఆ నెల కూడా కలిసిపోయింది, కాగితం మీద కొంచెం తగ్గినట్టు కనబడుతుంది, అంతే. బియ్యం కొట్టుకి ఆ నెల సరాసరి మజూరీ పట్టుకెళ్ళి ఇవ్వలేం కదా. చేతిలో ఉన్నది ఇవ్వాలి, లేకపోతే అప్పు రాయించాలి. ఆ అప్పు వడ్డీతో తరవాతి నెలల్లోకి వస్తుంది. సరాసరిలో వడ్డీ ఉండదు.

మరి ఈ మాట అంత చెడ్డదా? కాదు. దాని పుట్టుక కథ వింటే మీకే తెలుస్తుంది. మా మనవరాలు ఫోన్లో చదివి చెప్పింది, నాకు చాలా నచ్చింది. యావరేజ్ అన్న ఇంగ్లీషు మాట మొదట లెక్కల మాట కాదట, ఓడరేవు మాట. అరబ్బీ నుంచి ఇటలీ, ఫ్రాన్సు రేవుల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందంటారు. దానికి మొదటి అర్థం సముద్రంలో సరుక్కి జరిగిన నష్టం. ఓడ తుపానులో చిక్కింది. బరువు తగ్గించకపోతే మునిగిపోతుంది. కొందరి సరుకు సముద్రంలోకి తోసేశారు. ఓడ బతికింది, మిగతావాళ్ళ సరుకు ఒడ్డు చేరింది. మరి పోయిన సరుకు ఎవరి ఖాతాలో? తోసింది అందరి కోసం కాబట్టి ఆ నష్టం అందరూ భరించాలి. ఓడ యజమాని, సరుకు మిగిలినవాళ్ళు, పోయినవాళ్ళు, ఎవరి సరుకు విలువ ఎంతో ఆ వంతున పంచుకుంటారు. దానికి పేరు జనరల్ యావరేజ్. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే పెద్ద ఓడ అడ్డంగా ఇరుక్కున్నది టీవీలో చూశారు కదా. దాన్ని విడిపించిన ఖర్చుకి ఆ ఓడ యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అందులో సరుకు ఉన్నవాళ్ళందరి మీదా వంతు పడింది. మన గోపాలపూర్ రేవులో ఒకప్పుడు రంగూను ఓడ ఎక్కినవాళ్ళ వంశాలు ఇక్కడ ఉన్నాయి. సముద్రం మీద నష్టం అంటే ఏమిటో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆలోచించండి. మొదట ఆ మాటకి అర్థం నష్టాన్ని నిజంగా పంచుకోవడం. జేబులోంచి డబ్బు తీసి, పోయినవాడి చేతిలో పెట్టడం. తరవాత తరవాత అది కాగితం మీద భాగహారంగా మిగిలింది. ఇప్పుడు ఎవరి జేబులోంచీ ఏమీ కదలదు, ఎవరి చేతిలోనూ ఏమీ పడదు, అంకె మాత్రం సమానమైపోతుంది.

మన తెలుగులో ఈ రెండిటికీ రెండు మాటలు ఉన్నాయి. ఒకటి తలసరి. తలసరి ఆదాయం అని పేపర్లో వస్తుంది, అది కాగితం భాగహారం. రెండోది తలా ఇంత. పెళ్ళిలో లడ్డూలు తక్కువ వస్తే పెద్దాయన వచ్చి "తలా ఒకటి వెయ్యండి" అంటాడు. అప్పుడు ప్రతి ఆకులో ఒకటి పడుతుంది. ఆకులో పడకపోతే తినేవాడు లేచి అడుగుతాడు. "తలా ఒక చెయ్యి వెయ్యండి" అంటే ప్రతివాడూ వచ్చి దూలం పట్టుకోవాలి, తలసరి చెయ్యి వేస్తే దూలం లేవదు. రెండిట్లోనూ తల ఉంది. తలసరిలో తలని లెక్కపెట్టి వదిలేస్తారు. తలా ఇంతలో ఆ మనిషికి అందిందా లేదా చూస్తారు.

సహకార సంఘం అని మన పెద్దలు ఎందుకు పెట్టుకున్నారు? తలసరి కట్టడానికి గుమాస్తా ఒక్కడు చాలు, సంఘం అక్కర్లేదు. సంఘం పెట్టింది తలా ఇంత కోసం. నూలు అందరికీ అందాలి, పని అందరికీ దొరకాలి, ఒకరి నష్టం పదిమంది మొయ్యాలి.

ఇదంతా మాటల చమత్కారం కోసం చెప్పడం లేదు. ఒక ఆఫీసులో ఒకసారి సాయం పట్టిక తయారు చేస్తూ, మా సంఘం సరాసరి మజూరీ పర్వాలేదు కాబట్టి వెనక వరసలో పెట్టారు. ఆ సరాసరిని పైకి లాగినవి నాలుగైదు ఇళ్ళు. సాయం అందనివి అట్టడుగు ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఇద్దరు మగ్గం తీసేశారు. గుంట పూడ్చి మీద మంచం వేసుకున్నారు. ఒకసారి పూడ్చిన గుంట మళ్ళీ తవ్వడం అరుదు, మీకు తెలుసు. కాగితం ఒక అంకె దగ్గర ఆగితే ఇల్లు మగ్గం దగ్గర ఆగిపోతుంది.

అందుకని మన సంఘాలన్నిటికీ, ముఖ్యంగా లెక్కలు రాసే నా తోటి కార్యదర్శులకీ మూడు మనవులు.

మొదటిది. సర్వసభ్య సమావేశంలో సరాసరి మజూరీ చదివినప్పుడు, దాని పక్కన ఇంకో మూడు అంకెలు చదవండి. అందరికంటే తక్కువ ఎంత, నడిమధ్య ఇంటికి ఎంత, అందరికంటే ఎక్కువ ఎంత. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఆఫీసుకి పంపే కాగితంలో కూడా ఈ నాలుగూ రాయండి. వాళ్ళు అడగకపోయినా రాయండి.

రెండోది. సభ్యులు ఎవరైనా సరాసరి అన్న మాట వింటే లేచి ఒక ప్రశ్న అడగండి. "దేనితో భాగించారు బాబూ?" పుస్తకంలో ఉన్న పేర్లతోనా, నడిచే మగ్గాలతోనా, పనిచేసిన చేతులతోనా? పని ఉన్న రోజులతోనా, ఏడాది మొత్తంతోనా? ఈ ప్రశ్న అడగడానికి చదువు అక్కర్లేదు. జవాబు చెప్పలేనివాడికి ఆ అంకె వాడే హక్కు లేదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఓడ మీద పద్ధతి మన సంఘంలో పెట్టుకుందాం. వానకి పడుగు పాడైతే, రంగు కారిపోయి చీర వెనక్కి వస్తే, మనిషి జబ్బుపడి నెల మగ్గం ఎక్కకపోతే, ఇప్పుడు చాలాచోట్ల ఆ నష్టం ఆ ఒక్క ఇంటి మీదే పడుతోంది. మజూరీ రూపాయిలో కొన్ని పైసలు పక్కన పెట్టి నష్టాల పద్దు ఒకటి విడిగా తెరుద్దాం. ఎక్కువ మజూరీ వచ్చినవారి పైసలు ఎక్కువ పడతాయి, తక్కువ వచ్చినవారివి తక్కువ పడతాయి. ఎవరి వంతు ఎంత అన్నది గోడ మీద రాసి పెడదాం. మగ్గాలు ఎక్కువున్న పెద్దలు దీనికి ఒప్పుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. మీ ఇల్లు ఈ ఏడాది ఒడ్డున ఉంది. పై ఏడాది తుపాను ఎవరి సరుకు అడుగుతుందో ఎవరికీ తెలియదు.

ఈ సమాఖ్యలో ఎన్ని సంఘాలున్నాయో, పై వార్షికోత్సవానికి అన్ని సంఘాలూ నష్టాల పద్దు తెరిచి రావాలి. అప్పుడు సరాసరి ఎంత అని నన్ను అడగొద్దు, ఎన్ని ఇళ్ళకి అందింది అని అడగండి. ఇల్లిల్లూ లెక్కపెట్టి చెప్తాను.